ముందు భాగం

చదివినవాడు టైపు చేయకూడదు, విన్నవాళ్ళే చేయాలి. ఈ గదికి ఆ నియమం పెట్టింది మా తమ్ముడు సిద్ధార్థ. వాడు చనిపోయాక కూడా, వాడితో కలిసి ఇక్కడ కెమెరాల పని చేసిన వాజిద్ దాన్ని తప్పలేదు. తెర మీదిది పైకి చదవడం పూర్తికాగానే కుర్చీలోంచి లేచి, నన్ను కూచోబెట్టి, కీబోర్డు నా వైపు జరిపి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉంది. దాని కింద తెల్లటి గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఎస్ అని రాయున్రి టీచర్. గంతే. మిగిలింది అదే చేసుకుంటది."

"ఏం చేస్తది?"

"పాత షేర్‌ను కూలగొడ్తది. కొత్తది కడ్తది. పాతదాంట్ల ఉన్నది ఇగ ఉండది." వాజిద్ తన కాలివేళ్ళకేసి చూస్తూ అన్నాడు. "ఎల్లుండి వాయిదా. కోర్టు కాగితం చేతికి రాకముందు పోతే పొరపాటంటరు. వచ్చినంక పోతే నేరమంటరు."

అప్పుడే వాళ్ళమ్మ, నన్నే బీ, ఫోన్ చేసింది. ఆమె గొంతుకు స్పీకరు అవసరం లేదు. "అరే, ఆ డబ్బానే నికా చేసుకో ఇగ! అన్నం సల్లగైంది. వస్తవా, పిల్లులకు పెట్టాల్నా?" వాజిద్ నవ్వబోయి మానేశాడు. "పోయొస్త టీచర్. అది ఎంతసేపైనా ఆగుతది, దానికేం ఫికర్ లేదు," అని మెట్లు దిగాడు. పరుగులాగే దిగాడు. అది ఆకలి పరుగు కాదని ఇద్దరికీ తెలుసు.

అది ఆగుతుంది. మనిషైతే మొహంలోకి చూస్తాడు, గొంతు సవరించుకుంటాడు, ఇంకెంతసేపు అంటాడు. ఈ గీత వెలుగుతుంది, ఆరుతుంది, అంతే. కింద జిరాక్సు దుకాణంలో ఎవరో ఆధార్ కార్డు రెండువైపులా ఒకే కాగితం మీద రావాలని పోట్లాడుతున్నారు. సాగర్ రోడ్డు మీద ఆటోవాళ్ళు మాల్, మాల్, యాచారం, మాల్ అని అరుస్తున్నారు. మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల్లోంచి వచ్చి కీబోర్డు మీద పడింది. వై అక్షరం ఎండలో ఉంది. దాని మీద నూనె మెరుపు ఉంది, ఎవరి వేలిదో. సిద్ధు పకోడీ తింటూ పనిచేసేవాడు, చేతులు తుడుచుకోరా అంటే ప్యాంటుకు తుడుచుకునేవాడు. ఆ ప్యాంటు పోలీసుల దగ్గర ఉంది. మూట కట్టి, మీద సీలు వేసి, యశోద, మృతుని అక్క, అని నా చేత సంతకం పెట్టించి తీసుకున్నారు. అక్క అనే మాటకు ముందు ఆ మాట వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

క్లౌడ్ అంటే మబ్బు కాదక్కా, ఎక్కడనో ముంబైల అద్దెకు తీసుకున్న బీరువా అని చెప్పేవాడు. దాన్ని తుడవడం, కాపలా కాయడం, చెడిపోతే బాగుచేయడం అద్దెకిచ్చినవాళ్ళ పని. అందులో అర, వాళ్ళ మాటలో షేర్, ఎంత ఉండాలి, దానికేం పేరు, ఎవరు తెరవొచ్చు, రోజూ నకలు తీసి ఎక్కడ దాచాలి, ఇవన్నీ మనం ఒక ఫైల్‌లో రాసిపెట్టాలి. చేత్తో ఏదీ చేయకూడదు. యంత్రం ఆ రాత చదివి బీరువాను నిలబెడుతుంది. రాత మారిస్తే బీరువాను మారుస్తుంది. చేసేముందు మాత్రం ఇదీ నేను చేయబోయేది అని ఒక ప్లాన్ చూపిస్తుంది. చేర్చేదానికి ముందు ప్లస్, తీసేదానికి ముందు మైనస్, కూల్చి మళ్ళీ కట్టేదానికి మైనస్, గీత, ప్లస్. "అన్ని నీ గుర్తులే గదక్కా, జర విను," అని నేను లెక్కల పేపర్లు దిద్దుతుంటే పక్కన కూచుని ప్లాన్లు పైకి చదివేవాడు. కళ్ళు తప్పును దాటేస్తాయి, నోరు దాటలేదు అనేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. కానీ మైనస్ వినపడగానే ఎర్రపెన్ను ఆగేది. ఏం పోతుందిరా అని అడిగేదాన్ని. వాడు వెనక్కి వెళ్ళి చూసుకునేవాడు. ఒకసారి వాజిద్ ఒక వెంచర్ వాళ్ళు పేరు మార్చుకున్నారని వాళ్ళ షేర్ పేరు మార్చాడు. పేరే కదా అని ప్లాన్ చదవకుండా ఎస్ అనేశాడు. ఈ పనిలో పేరు మార్చడం మార్పు కాదు. పాత పేరుతో ఉన్నదాన్ని కూల్చి కొత్త పేరుతో ఖాళీది కడుతుంది. వాళ్ళ రికార్డింగులన్నీ పోయాయి. "బోర్డు మార్వమంటె బంగ్లా కూలగొట్టినవ్ గదరా," అని సిద్ధు చాలా రోజులు ఆడుకున్నాడు. ఆడుకుని, ఆ నియమం పెట్టాడు. ప్రతి షేర్ కిందా కూల్చనివ్వకు అనే అర్థం వచ్చే ఒక అడ్డం లైను రాశాడు. దాని మీద వ్యాఖ్య: వాజిద్ భాయ్, ఇది నీకోసమే.

ఇవాళ ఆ వ్యాఖ్య ఉంది, కింద లైను లేదు. వాజిద్ తీసేశాడు. తీసేసి షేర్ పేరు మార్చాడు. అప్పుడు అమాయకంగా చేసిన తప్పునే ఇప్పుడు తెలిసి చేస్తున్నాడు. షేర్ పేరు దగ్గర మైనస్, గీత, ప్లస్. రోజువారీ నకళ్ళు దాచే చోట ఒట్టి మైనస్. ఒకటి చేర్చాలి, రెండు కూల్చాలి, అని చివరి వరస దాకా గొంతు వణక్కుండా చదివాడు. ఈ పని చేసే ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పు టీచర్, ఎవలడిగినా నమ్ముతరు అన్నాడు. నమ్ముతారు. బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లవాడు ఇంత శుభ్రంగా ఒక తప్పును పేర్చగలడని నాకు తెలియదు. స్నేహితుడి మీద ప్రేమ ఇంత పద్ధతిగా ఉంటుందనీ తెలియదు.

కూలేది ఏమిటో నాకు తెలుసు. కొంగరకలాన్ రోడ్డులో సిద్ధు ప్లాటు కొన్న వెంచర్‌కు కెమెరాలు పెట్టింది వీళ్ళే. ఆ రికార్డింగులు సిద్ధు కట్టిన షేర్‌లోకి వెళతాయి, నెల తిరిగితే వాటంతట అవే పోతాయి. పోకుండా వాజిద్ అందులోనే పక్కకు పెట్టింది ఆ రోజుదొక్కటే. ఊళ్ళో అందరూ చూసింది దాని వెనక భాగం. వెంచర్ సూపర్‌వైజరు శ్రీపాల్ తన ఫోన్‌లో కొట్లాట కనపడిన చోటు నుంచి దింపుకుని పదిమందికి పంపాడు, ఆ పదిమంది ఊరికి పంపారు, కేసులోకి వెళ్ళింది కూడా ఆ ముక్కే. అందులో బాలేష్ పార తిరగేసి నా తమ్ముడి తల మీద కొడతాడు. మూలన ఎరువు బస్తా లాంటిది ఒకటి పడి ఉంటుంది. అది బస్తా కాదు. బాలేష్ తండ్రి బుగ్గయ్య. ఆయన అక్కడికి ఎలా వచ్చి పడ్డాడో ముందు భాగంలో ఉంది. ముందు భాగం చూసింది వాజిద్, నేను. ఇప్పుడు బాలేష్ వకీలు మొత్తం రికార్డింగు కావాలని అర్జీ పెట్టాడు.

ముందు భాగంలో సిద్ధు బతికి ఉన్నాడు. బండికి స్టాండు వేస్తాడు, సున్నం బకెట్టు దించుతాడు, తలకు తువ్వాలు చుట్టుకుంటాడు. హద్దురాళ్ళ ముందు గొంతుక్కూచుని సున్నం పూస్తాడు, ఎంత ఒద్దికగా అంటే చిన్నప్పుడు నోటుబుక్కుకు మార్జిన్లు గీసినట్టే, అంచు దాటకుండా. మధ్యలో ఫోన్ తీస్తాడు. ఆ ఫోన్ నాకే. అక్కా, సున్నం సాలలే, ఇంకో సంచి కొనుక్కొని పోవాలె, నువ్వు తినేసెయ్ అన్నాడు. కెమెరాలో ఆ మాటలు లేవు, కదిలే పెదాలున్నాయి. ఆ కెమెరాకు చూపే తప్ప చెవుల్లేవు. ఫోన్ జేబులో పెట్టుకుని ఒక్కడే దేనికో నవ్వుతాడు. బుగ్గయ్య కుడివైపు నుంచి వస్తాడు. తన చెలక అంచు వెంచర్‌లో కలిసిందని ఆయన ఎప్పటినుంచో తిరుగుతున్నాడు. సున్నం ఆరని రాయిని ఊపి పీకి పత్తి మొలకల అవతల పడేస్తాడు. సిద్ధు లేస్తాడు. ఇద్దరి నోళ్ళూ కదులుతాయి. ముసలాయన ఇంకో రాయి మీదికి వంగుతాడు, వీపు ఇటువైపు. గడ్డపార నేలలో గుచ్చి ఉంది. సిద్ధు దాన్ని పీకుతాడు, రెండు చేతులతో ఎత్తుతాడు, అది భుజం మీద దిగుతుంది. బుగ్గయ్య మోకాళ్ళ మీద పడతాడు. పడినవాడి పక్కటెముకల మీద మళ్ళీ దిగుతుంది. ఆయన ఒక చేయి పైకెత్తుతాడు, కొట్టడానికి కాదు, అరచేయి చూపిస్తాడు. సిద్ధు మళ్ళీ ఎత్తుతాడు. అప్పుడు బాలేష్ వచ్చాడు.

ఆ చేయి నాకు తెలుసు. మోచేయి చెవి పక్కకు వెళ్ళి, ఒక్క క్షణం అక్కడ నిలిచి, బరువంతా వేసి కిందికి వచ్చే ఆ చేయి మా నాన్నది. ఆయన బర్రెను కట్టే పలుపుతో అమ్మను కొట్టేవాడు. వరండాలో కాదు, లోపలింట్లో, తలుపు వేసి. నేను సిద్ధును మంచం కిందికి లాక్కుని వాడి చెవులు నా అరచేతులతో గట్టిగా మూసేదాన్ని, వాడి తల నా చేతుల మధ్య కాయలా వేడిగా ఉండేది. చెవులే మూశాను. అమ్మ అరుపు వినపడకపోతే చాలుననుకున్నాను. మంచం కోళ్ళ మధ్యలోంచి వాడు చూస్తున్నాడని, మూకీ సినిమాలా ఆ చేయి లేవడం దిగడం, లేవడం దిగడం చూస్తున్నాడని తోచలేదు. ఇప్పుడు నేను చూసింది కూడా అలాగే, చప్పుడు లేకుండా. లేవడం, దిగడం. నాన్న పోయాడు, అమ్మ పోయింది, పలుపు ఏ పెంటలో కలిసిందో తెలియదు, చేయి మాత్రం వచ్చి ఆ ప్లాటులో నిలబడింది. అదే చేత్తో వాడు కూల్చనివ్వకు అని ప్రతి షేర్ కిందా రాశాడు. అదే చేత్తో నాకు జ్వరం వస్తే జావ కాచాడు. ఏ చేయి ఏ చేయో విడదీయలేను.

వెనక భాగంలో బాలేష్ దెబ్బలు నేను లెక్కపెట్టలేదు. లెక్కల టీచర్‌ని, ఎక్కడ ఏది కనపడినా మనసు దానంతట అదే లెక్కపెడుతుంది, మెట్లు, కిటికీ ఊచలు, ప్రార్థనలో వరసలు. అక్కడ మాత్రం పళ్ళు బిగించి ఆపాను. మొదటిది పడగానే సిద్ధు కూలాడు. అక్కడ ఆగి ఉంటే. తండ్రిని కాపాడుకున్నాడు, సరే, అక్కడ ఆగి ఉంటే. వాడు ఆగలేదు. పార వీపు వంగిపోయేదాకా కొట్టాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తలలోకి పోయింది. ఈ వాక్యం ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు ఈ గీత ముందు అనుకుంటున్నాను. బాలేష్ కూడా నా దగ్గరే చదివాడు. భిన్నాలు వచ్చేవి కావు, నవ్వుతూ నిలబడేవాడు. బోర్డు మీద వృత్తం గీస్తుంటే కంపాసు ముల్లు వాడి కంట్లో దిగినట్టు కనపడుతుంది నాకు. సుద్దముక్క విరుగుతుంది. పిల్లలు వంగి తీసిస్తారు. కూరగాయలు కోస్తుంటే వాడి వేళ్ళు కోస్తాను. బస్సులో ఎవరిదో మెడ వెనక వాడి మెడలా ఉంటే, గొడుగు పిడి మీద నా పిడికిలి బిగుసుకుని, నా స్టేజీ దాటిపోతుంది. వాడు కటకటాల్లో తింటున్నాడు. పడుకుంటున్నాడు. నిద్ర పడుతుందా వాడికి. పట్టకూడదు. పట్టి, నిద్రలో ఎవరో పార తిరగేయాలి.

అంత్యక్రియలైన సాయంత్రం కుర్రవాళ్ళు వెళ్ళి బుగ్గయ్య ఇంటి మీద పడ్డారు. చెరువులో చేపలు పట్టే వలలు తెచ్చి వీధిలో పోసి తగలబెట్టారు. నైలాను మండుతుంటే వచ్చే నల్లపొగ మా ఇంటి దాకా వచ్చింది. బియ్యం డబ్బా బోర్లించి తొక్కారు. కోళ్ళను గోడకేసి కొట్టారు. ఎవరో వచ్చి, "టీచర్, మన సిద్ధన్న కోసం చేసినం," అన్నారు. నేను వద్దనలేదు. తలుపు దగ్గర నిలబడి ఆ పొగ పీల్చాను. బాగుంది అనిపించింది. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు, సిద్ధు నవ్వుతున్న ఫొటో, కింద న్యాయం కావాలి. అది ఎండకు వెలిసి ఇప్పుడు మొహం నీలంగా ఉంది. బడిలో పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. ముందు భాగం బయటికి వస్తే ఆ ఫ్లెక్సీని చింపేది కూడా వీళ్ళే. కొవ్వొత్తులు పట్టిన పిల్లలే నా వైపు చూడకుండా పక్కవాడి చెవిలో ఏదో అంటారు.

బాలేష్ తల్లి ఈదమ్మ ఒకరోజు బడి వదిలాక మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గేటు రెక్క అంచు పట్టుకుని నిలబడింది.

"టీచరమ్మా, కాళ్ళు మొక్కెతందుకు రాలే. నా కొడుకు సంపిండు. సంపలేదంటలేను. నా మొగనిది నోరు కాదు, మురికి మోరి. తిట్టిండు. తిడితె గడ్డపారతోని కొడ్తరా? ఆయనకు ఇప్పటికీ సెయ్యి లేస్తలేదు. కెమెరాల అంత పడ్డదట గదా. మొదటికెల్లి చూపియ్యమను. గంతే."

"గేటు విడువు."

"ఇడుస్త. నువ్వు చూసినవా లేదా, గది చెప్పు."

నేను గేటు మూశాను. ఆమె వేళ్ళు తీయలేదు. తీయలేదని చూస్తూనే మూశాను. ఇనుముకీ ఇనుముకీ మధ్య మెత్తగా ఏదో అడ్డం పడింది. ఈదమ్మ అరవలేదు. ఇంకో చేత్తో రెక్కను వెనక్కి నెట్టి, వేళ్ళు తీసుకుని, నోట్లో పెట్టుకుంది. తరువాత నా మొహంలోకి చూసింది.

"చూసినవు," అంది. "చూడకపోతె గింత కోపం రాదు."

ఆమె వెళ్ళాక గేటు మీద చర్మం పొర ఒకటి ఉంది, ఉల్లిపొరంత. నీళ్ళు పోసి కడిగాను.

ఎండ జరిగింది. ఇప్పుడు ఇ మీద ఉంది, ఎస్ మీద ఉంది. మొత్తం రికార్డింగు చూస్తే జడ్జి ఏమంటాడో మా వైపు వకీలు నాకు మెల్లగా చెప్పాడు. తండ్రి ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి, ఆవేశంలో కాబట్టి. హత్య అనే మాట చిన్నదవుతుంది, శిక్ష చిన్నదవుతుంది, కొన్నేళ్ళకు బాలేష్ వచ్చి చౌరస్తాలో చాయ్ తాగుతాడు. నేను రిటైరయ్యే లోపే తాగుతాడు. ముందు భాగం లేకపోతే వాడు ఏ కారణమూ లేకుండా ఒక మనిషి తలను పగలగొట్టినవాడు, లోపలే ముసలివాడై చస్తాడు. మూడక్షరాలు. వేలు వై మీద పెట్టాను. చల్లగా ఉంది. నొక్కితే బాలేష్ మెడ నా వేలికింద ఉన్నట్టే. నొక్కితే ముంబైలో ఎక్కడో ఏమీ చప్పుడు కాదు, రక్తం రాదు, ఎవరూ మోకాళ్ళ మీద పడరు. ఇంత శుభ్రమైన దెబ్బ ఇంకెక్కడా దొరకదు. అరచేయి పైకెత్తి చూపించే అవకాశం కూడా అవతలివాడికి ఉండదు. నొక్కాను. తెర మీద వై పడింది. గీత దాని పక్కకు జరిగి మళ్ళీ వెలుగుతూ ఆరుతూ ఉంది. ఇంకో రెండు.

కానీ ముందు భాగంతో పాటు సున్నం పూసే సిద్ధు పోతాడు. ఒక్కడే నవ్వుకునే సిద్ధు పోతాడు. ఈ మాట నేను అంటానని వాజిద్‌కు ముందే తెలుసు. "బుగ్గయ్య వచ్చేదాక కోసి పెన్‌డ్రైవ్‌ల ఎక్కిస్త టీచర్, అది మీ దగ్గర పెట్టుకోండ్రి, ఎవ్వలకు చూపియ్యకున్రి," అన్నాడు. కోసి. దవాఖాన వరండాలో పొద్దున నుంచి కూచుంటే సాయంత్రానికి పోస్టుమార్టం చేసి సిద్ధును తెల్లబట్టలో ఇచ్చారు. ఇంట్లో నేనే బట్ట తీసి చూశాను. వద్దంటున్నా చూశాను. ఛాతీ మధ్యలో గొంతు నుంచి కిందిదాకా కోసి, గోనెసంచి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు వేశారు. తల మీద అడ్డంగా ఒకటి. దారం నల్లది. లోపల ఏవి ఉన్నాయో, ఏవి తీశారో, తీసినవి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టారో. స్నానం చేయిస్తుంటే కుట్ల మధ్యలోంచి నీళ్ళు వచ్చాయి. తరువాత శ్రీపాల్ ఒక చోట కోశాడు, వెనక భాగం ఊరికి ఇచ్చాడు. ఊరు దాన్నే మోసింది, ఫ్లెక్సీ కట్టింది, దానికోసం కోళ్ళను గోడకు కొట్టింది. ఇప్పుడు వాజిద్ ఇంకో చోట కోస్తానంటున్నాడు. సున్నం ముక్క నాకు, పార ముక్క కోర్టుకు, మధ్యలో గడ్డపార పట్టుకున్న ముక్క లేకుండా. ఆ మధ్యముక్కలో ఉన్నదెవరు. నేను మంచం కింద చెవులు మూసినవాడు. వాడిని ఎక్కడ పడేయాలి.

వీళ్ళందరి ప్రేమకూ వాడు ముక్కల్లోనే కావాలి. బాలేష్ చంపింది మాత్రం మొత్తం మనిషిని. కోపం ఉన్నవాడిని, ముసలివాడి పక్కటెముకలు విరగ్గొట్టినవాడిని, తినేసెయ్ అన్నా నేను ఆకలితో కూచుంటానని తెలిసి ఫోన్ చేసినవాడిని. బాలేష్ మెడ మీది కోపం తగ్గలేదు. తగ్గుతుందని ఎవరైనా అంటే వాళ్ళను కూడా కొట్టాలని ఉంది. వాడు చాయ్ తాగే రోజు నేను ఆ చౌరస్తాలో నిలబడి చూస్తాను, నా చేతిలో ఏముంటుందో నాకు తెలియదు. కానీ వాడిని లోపల ఉంచడానికి సిద్ధును మూడోసారి కోయలేను. బయట మెట్ల మీద అడుగుల చప్పుడు. వాజిద్ తిన్నట్టు లేడు, తింటే ఇంత త్వరగా రాడు.

తెర మీద ప్రశ్న పైన చిన్నగా ఒక వాక్యం ఉంది. చదివేటప్పుడు వాజిద్ దాన్ని కూడా చదివాడు: ఎస్ అనే మాట ఒక్కటే ఒప్పుకోబడుతుంది. అంటే ఇంకే మాటైనా కాదనడమే. కాదు అని కూడా రాయనక్కర్లేదు. వై చెరిపేశాను. నాకు టైపింగు రాదు, అక్షరాలు వరసగా ఉండవు, వెతుక్కోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో ఒక తెలుగు మాట, వేలు వేలుగా. కె కుడివైపున ఉంది. ఓ పైన. టి కోసం చాలాసేపు వెతికాను, రెండుసార్లు కావాలి. వాజిద్ వచ్చి తలుపులో నిలబడ్డాడు. చేతిలో నన్నే బీ పంపిన టిఫిన్ డబ్బా. నేను రాయడం ముగించి పెద్ద మీట నొక్కాను. ఒక క్షణం తరువాత తెర ఒకే ఒక్క వరస రాసింది, అప్లై, అంటే ఆ ప్లాన్ అమలు, రద్దయిందని. పైన నా మాట అలాగే ఉంది.

వాజిద్ దగ్గరికి వచ్చి వంగాడు. తెర మీద ఏది ఉన్నా పైకి చదవడం వాళ్ళిద్దరికీ అలవాటు.

"కొట్టిండు," అని చదివాడు.

డబ్బా టేబుల్ మీద పెట్టాడు. పెట్టలేదు, వేశాడు. మూత ఎగిరిపోయి పప్పు కీబోర్డు మీద చిందింది. "కొట్టిండు అంటె ఎవలు టీచర్?" తెర మీద వేలు పెట్టాడు. "వాడు మన సిద్ధుగాడు. మీ సొంత తమ్ముడు. ఎవలు కొట్టిండ్రు, చెప్పున్రి, నేను ఇనాలె. ఎవలు?"

వాడు తెలియక అడగడం లేదు. నేను లేచి నిలబడ్డాను.

"ముందుగాల మన సిద్ధే," అన్నాను.